డాంగిలోపాఖ్యానం

కావ్యం ఆశీస్సుతోగాని, నమస్కారంతోగాని, వస్తునిర్దేశంతోగాని మొదలుకావాలని లాక్షణికులు కట్టడి చేశారు. ఈ కథలో ఒకరినొకరు ఆశీర్వదించుకునే స్థితిలో ఎవరూ లేరు గనుక నమస్కారంతోనే కానిస్తాను. విజయవాడ సత్యనారాయణపురంలో, మా అక్కావాళ్ళ ముందుగదిలో, టీవీకి మూరెడు ఎత్తున కొట్టిన చెక్క మీద, శృంగద్వయ శోభితుడై, హరితదీప మాలికాలంకృతుడై, సంక్రాంతికి తప్ప దులపని ధూళిని విభూతిగా ధరించి, పసుపుపచ్చని ఫైబర్ తీగను యజ్ఞోపవీతంగా వేసుకుని కొలువున్న రౌటర్ దేవరకు ముందుగా ఒక దండం. ఈ కథ అయ్యేదాకా ఎర్రదీపం వెలిగించకు స్వామీ.

ఇక వస్తువు. ఆ ఇంట్లో మనుషులు ఆరుగురు: అక్క, బావగారు, అక్కకు అత్తమామలు, నా మేనకోడలు, మేనల్లుడు. ఫోన్లు కూడా ఆరే. వాటన్నిటికీ నెట్ నిక్షేపంగా వస్తుంది. టీవీకీ వస్తుంది. ఎటొచ్చీ ఇంటిల్లిపాదికీ ఉమ్మడి ఆస్తి అయిన ఒక్క కంప్యూటర్‌కే వస్తుంది, పోతుంది, వచ్చిందన్న కబురు వంటగదికి చేరేలోపు మళ్ళీ పోతుంది. అసలు రాకపోతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇది ఆశపెట్టి, పేజీని ముప్పాతిక వంతు తెరిచి, తెర మూలన ఒక భూగోళం బొమ్మను వదిలి అంతర్ధానమవుతుంది. మేఘాల చాటు నుంచి బాణాలు వేసిన ఇంద్రజిత్తు కూడా ఇంత తిప్పలు పెట్టి ఉండడు; అతనికి కనీసం యుద్ధం ముగించాలన్న కోరిక ఉంది.

పురవర్ణన లేనిది ప్రబంధం కాదు. అది పాతకాలపు రైలుపెట్టె ఇల్లు. ముందుగది, పడకగది, వంటగది, వెనకగది, ఒకదాని వీపున ఒకటి. మధ్యన తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ప్రాకారాలనే అందాం. ముందుగదిలో బయల్దేరిన తరంగం మొదటి ప్రాకారాన్ని దర్జాగా దాటుతుంది, రెండోదాన్ని ఆయాసపడుతూ దాటుతుంది, మూడోది దాటి వెనకగదిలో అడుగుపెట్టగానే ఎదురుగా నిలువుటద్దం తొడుక్కున్న ఇనప మేరువు. వ్యవహారంలో దాన్ని బీరువా అంటారు. అక్క పెళ్ళిపట్టుచీర, పొలం దస్తావేజులు, చినిగిన రెండు వేల నోటు ఒకటి, ఆ ఇంటి సకల రహస్యాలూ దాని గర్భంలో భద్రం. రేడియో తరంగం ఇనుములోంచి చొరబడలేదు, తగిలి వెనక్కి మళ్ళుతుంది. బీరువా నీడన ఉన్న కంప్యూటర్‌కు చేరే తరంగాలన్నీ అందుకే గోడకో కప్పుకో కొట్టుకుని చుట్టుదారిన వచ్చినవే.

నాయకుడు ధీరోదాత్తుడు, కాస్త ఈడు మళ్ళినవాడు. అక్క పాత వెంకటగిరి చీరతో కుట్టిన ముసుగు తీస్తే నుదుట ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు ఇంకా కనిపిస్తుంది. ఫ్యాన్ తిరిగితే గుర్రుపెట్టిన చప్పుడు. వీపున యూఎస్‌బీ పోర్టులు వరసగా ఉన్నాయి, నల్లవి నాలుగు, నీలానివి రెండు. ఆ నీలం పోర్టుల్లో ఒకదానిలో, బొటనవేలి గోరంత పరిమాణంతో, మినుకు మినుకుమనే ఒంటి కన్నుతో, ఇంతటి కథకు మూలమైన వైఫై డాంగిల్. కొన్న పెట్టె మీద 150 అని వేగం అచ్చువేశారు. కవులు కూడా రాజును ఇంద్రుడితో పోల్చే ముందు ఇంతకన్నా ఎక్కువ తటపటాయించారు.

గోరంత ఉందని తీసిపారేయకండి, వంశం చాలా పెద్దది. 1865లో మాక్స్‌వెల్ అనే స్కాట్లండ్ ఋషి కంటికి కనపడని ఈ తరంగాలను సమీకరణాల్లో దర్శించాడు. 1887లో జర్మనీలో హెర్ట్జ్ వాటిని పుట్టించి చూపాడు. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో మన జగదీశ్ చంద్ర బోస్ తీగ లేకుండానే గోడ అవతలి గంటను మోగించి, తుపాకిమందు పేల్చి సభికులను నివ్వెరపరిచాడు. 1971లో హవాయీ విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్ల సంభాషణను రేడియోకెక్కించింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడి మాటలు గుద్దుకుంటే, ఎవరికి వారు తోచినంతసేపు ఆగి మళ్ళీ చెప్పాలన్నది ఆ దీవుల ధర్మశాస్త్రం. ఐట్రిపుల్ఈ పండితులు 1997లో 802.11 అనే స్మృతి రాశారు, 1999లో పరిశ్రమవారు దానికి వైఫై అని బారసాల చేశారు, 2005లో మన కేంద్రప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఇంట్లో వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. నోరు తెరిచే ముందు గాలిలో ఇంకెవరైనా మాట్లాడుతున్నారేమో చెవి ఒగ్గి వినాలన్న నియమం కూడా ఈ వంశానిదే. అక్కావాళ్ళింట్లో ఆ మర్యాద పాటించేది డాంగిల్ ఒక్కటే.

అట్లుండ, మామగారికి ఎనభయ్యొకటో ఏడు వచ్చింది. వెయ్యి పున్నములు చూసిన మహానుభావుడికి సహస్ర చంద్ర దర్శన శాంతి చెయ్యాలని ఇంట్లో నిశ్చయించారు. చుట్టాలందరి దగ్గరా ఉన్న పాత ఫొటోలు, వీడియోలు పోగుచేసి హాల్లో పెద్ద తెర మీద వేయించాలన్నది బావగారి సంకల్పం. పోగుచేసే పని యథావిధిగా అక్కది. అందుకని రెండు టెరాబైట్ల హార్డ్‌డిస్క్ ఒకటి కొన్నారు. నల్లని పెట్టె, పొట్టి తీగ, దాని కొసన నీలం నాలుక. వచ్చిన రోజునే పసుపు కుంకుమ పెట్టించుకుని కంప్యూటర్ వీపున, రెండో నీలం పోర్టులో, డాంగిల్ పక్కనే కాపురం పెట్టింది. ఇంత వినయంగా మసలే పరికరం మరొకటి ఆ ఇంటికి రాలేదు. ఒక్క దీపం ఆర్పుతూ వెలిగిస్తూ పనిచేసుకుపోతుంది, కిక్కురుమనదు.

ఉపద్రవం తొలి దెబ్బ బావగారి మీద పడింది. ఆయనది రంగుల దుకాణం. నెల తిరిగి 20వ తేదీ వచ్చిందంటే జీఎస్టీఆర్-3బీ దాఖలు చెయ్యాలి. అంకెలన్నీ నింపారు, చలానా కట్టారు, ఆఖరున ఓటీపీ అడిగింది. ఓటీపీ ఫోన్‌కు వస్తుంది, గడి కంప్యూటర్లో ఉంటుంది. ఫోన్‌కు టింగుమని వచ్చింది. కంప్యూటర్లో భూగోళం ప్రత్యక్షమైంది. భూగోళం పోయేసరికి ఓటీపీకి నూరేళ్ళు నిండాయి. మళ్ళీ ఓటీపీ, మళ్ళీ భూగోళం. సరైన వేళకు మంత్రం గుర్తురాక కర్ణుడు పడ్డ యాతన ఎలాంటిదో, పరశురాముడి శాపమంటే ఏమిటో, బావగారికి ఆ రాత్రి స్వానుభవంతో తెలిసింది. మర్నాడు మేనకోడలి వంతు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటూ, ఏ కాలేజీ పైన ఏ కాలేజీ కింద అని తండ్రీ కూతుళ్ళు సగం పూట వాదులాడుకుని ఒక వరస కుదిర్చి సేవ్ నొక్కితే, వరస మొత్తం వైతరణిలో కలిసింది. ఈ గొడవలో మౌస్ బాణం కూడా తెర మీద తూలుతోందని, ఒకచోట పెడితే మరోచోట తేలుతోందని అక్క అంది. "బ్యాటరీ అయిపోయుంటుందిలే" అన్నారందరూ. బ్యాటరీ మార్చారు. బాణం అలాగే తూలింది.

అంత సభ తీరింది. ఎవరికి వారు నేరస్థుణ్ణి పట్టుకొచ్చారు.

"నే చెబుతూనే ఉన్నా. నైరుతిలో కంప్యూటర్ ఏవిట్రా, చదువుసంధ్యల వస్తువు ఈశాన్యంలో ఉండాలి గానీ" అని అత్తగారు రాళ్ళుప్పుతో దిష్టి తీసి, ఆ ఉప్పు ఎక్కడ పొయ్యాలో తేలక సందు చివరిదాకా వెళ్ళొచ్చారు. మామగారి అనుమానం పొరుగు రాజ్యాల మీద. "పక్కింటివాళ్ళు మన నెట్ లాగేస్తున్నారయ్యా. కోట తలుపు బార్లా తీసి దొంగలొచ్చారంటే ఎలా?" అని, మేనల్లుడి చేత రౌటర్ లోపలి పేజీ తెరిపించి, పాస్‌వర్డ్ మార్పించారు. ఇష్టదైవం పేరు, తాను ఉద్యోగంలో చేరిన సంవత్సరం, నడుమ ఒక నక్షత్రం గుర్తు. ఆ రహస్యాన్ని ఇంటిల్లిపాదికీ ఒకరి తర్వాత ఒకరికి, ఉత్తరీయం కప్పి బ్రహ్మోపదేశం చేసిన ఫక్కీలో చెవిలో చెప్పారు. వడుగు పెళ్ళికొడుకులందరికీ ఒకే సందేహం: మొదటక్షరం పెద్దదా, చిన్నదా? ఫలితంగా అప్పటిదాకా చక్కగా ఉన్న ఆరు ఫోన్లూ, టీవీ ఒక పూట చీకట్లో పడ్డాయి. పక్కింటివాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. వాళ్ళకు వాళ్ళ నెట్ ఉంది.

మేనల్లుడి వాదం మరీ సులువు: కొత్త కంప్యూటర్ కొనాలి. గ్రాఫిక్ కార్డు ఉన్నది అయితే వైఫై ఇంకా బాగా వస్తుందని వాడి శాస్త్రం.

బావగారిది ఒకటే మాట, తప్పు కంపెనీవాళ్ళది. ఫోన్ చేశారు. మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఒక కిన్నెరకంఠం చాలాసేపు పాడాక మనిషి గొంతు వచ్చింది. "సార్, రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి ఆన్ చేస్తారా?" రాజసూయాశ్వమేధాలు చెయ్యలేని కలియుగ గృహస్థుకు శాస్త్రం అనుగ్రహించిన ఏకైక క్రతువు ఇది. బావగారు శుచిగా స్విచ్ వేశారు. మామగారు దానికి తోడు కంప్యూటర్ తీగలన్నీ పీకి, దులిపి, మళ్ళీ పెట్టారు. నెట్ వచ్చింది! గంటసేపు ఉంది. ఈ క్రతువుతో నాకున్న పేచీ ఇదే: అప్పుడప్పుడు ఫలిస్తుంది. ఎందుకు ఫలించిందో ఎవరూ అడగరు, అడగబోయేలోపు పని జరిగిపోతుంది. అసలు ఫలించకపోతే మనుషులు ఏనాడో కారణం వెతకడం మొదలుపెట్టేవాళ్ళు.

కంపెనీవారి అబ్బాయి ఒకడు బైకు మీద వచ్చాడు. నడుముకు సంచి, చేతిలో చిన్న మీటరు. పసుపుపచ్చ తీగను రౌటర్‌లోంచి తీసి మీటరుకు తగిలించి, మైనస్ 19 చూపించాడు. "లైను బంగారంలా ఉందండీ. ఇది ఇరవయ్యేడు దాటితేనే మాకు కంప్లైంటు." ముందుగదిలోనే నిలబడి తన ఫోన్‌లో వేగం కొలిచాడు, అదీ బాగుంది. వెనకగదిలోకి రమ్మంటే, "కంప్యూటర్ మా పరిధి కాదండీ" అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. కాగితం మీద సంతకం పెట్టించుకుని, అక్క ఇచ్చిన మజ్జిగ తాగి, వేరే రాజ్యానికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత అనుమానం వంటగది మీదికి మళ్ళింది. మైక్రోవేవ్ పొయ్యి 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర మంట లేకుండా వండుతుంది, డాంగిల్ మాట్లాడేదీ ఆ పక్కనే. తలుపు సందుల్లోంచి పిసరంత తరంగం బయటికి జారినా వైఫైకి అది పెనుగాలి. మేనకోడలు పొద్దుటి ఉప్మాను అందులో పెట్టి పరీక్షించింది. నిజంగానే ఆ ఒకటిన్నర నిమిషం పేజీ నత్తనడక నడిచింది. "దొరికాడు దొంగ!" అని జయజయధ్వానాలు. ఆ రాత్రి పదకొండింటికి, ప్లగ్గు తీసేసి వంటగదికి గడియ పెట్టాక, భూగోళం మళ్ళీ వెలిసింది. మైక్రోవేవ్ చిల్లర దొంగే, ఈ గజదొంగతనం మాత్రం అతనిది కాదని కొట్టేశారు.

మేనల్లుడు ఫోన్‌లో ఒక యాప్ వేసి చుట్టుపక్కల వైఫై సేనలన్నిటినీ కొండల బొమ్మలుగా చూపించాడు. 2.4 పట్టీలో చానళ్ళు 13 ఉన్నా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడేవి 1, 6, 11 మూడే. వీధి వీధంతా ఆరో చానల్లో శిబిరం వేసింది. మా రౌటర్ దేవర కూడా వాళ్ళ మధ్యనే కూర్చుని ఉన్నాడు. పదకొండుకు మార్చారు. కొంత మేలే జరిగింది. అయినా కంప్యూటర్ రోగం కంప్యూటర్‌కే ఉంది. బీరువాను పక్కకు జరపాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది గానీ, దాన్ని కదపాలంటే ముందు ఖాళీ చెయ్యాలి, ఖాళీ చేస్తే లోపలున్నవన్నీ అందరూ చూస్తారు. అత్తగారు ఆ తీర్మానాన్ని ఒక్క చూపుతో వీగించారు.

ఇన్ని జరుగుతున్నా అక్క మాట ఒకటి మొదటినుంచీ అక్కడే పడి ఉంది. "ఈ ఫొటోల డబ్బా పెట్టుకున్నప్పుడే పోతోందండీ" అని ఆవిడ సభ మొదటి రోజునే అంది. నిండు కొలువులో ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్మద్రోణులు ఏం జవాబు చెప్పారో, దీనికీ అదే చెప్పారు. పైగా బావగారు, "ఫొటోలకీ నెట్‌కీ ఏం సంబంధమే? అది నెట్ వాడదు" అని తర్కం కూడా జోడించారు. తర్కం పకడ్బందీగా ఉంది. అక్క దగ్గర తర్కం లేదు, రోజూ ఆ కుర్చీలో కూర్చునే అలవాటు మాత్రం ఉంది.

ఒక మధ్యాహ్నం, సభాసదులంతా కునుకు తీస్తున్న వేళ, అక్క కొడుకును కేకేసింది. "ఒరేయ్, మొన్న నల్ల కిటికీలో ఏదో లెక్క పెట్టావే, అది పెట్టరా." వాడు కమాండ్ కిటికీ తెరిచి 192.168.1.1కు పింగ్ పెట్టాడు, ఆపేదాకా ఆగకుండా. పింగ్ అంటే రాయబారం. ముప్పై రెండు బైట్ల మూట నెత్తిన పెట్టుకుని రాయబారి రౌటర్ దేవర సముఖానికి వెళ్ళి, అదే మూటతో తిరిగొచ్చి, ఎంతసేపు పట్టిందో విన్నవిస్తాడు. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాసిన పుణ్యం అది. హార్డ్‌డిస్క్ తీసి పక్కన పెట్టారు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు ఒక్కొక్క వరసా దిగుతున్నాయి: రెండు మిల్లీసెకన్లు. మూడు. రెండు. రెండు. రాయబారులు గడప దాటిన మరుక్షణం తిరిగొస్తున్నారు. "ఇప్పుడు పెడుతున్నా చూడు" అని అక్క నీలం నాలుకను పోర్టులోకి తోసింది. దీపం వెలిగింది, పళ్ళెం తిరిగిన సన్నని రొద. నాలుగు. పదకొండు. ఎనిమిది వందల తొంభై. ఆ తర్వాత రాయబారి రాలేదు. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. మళ్ళీ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. తెర నిండా తిరిగిరానివాళ్ళ జాబితా. అక్క తీగ పీకింది. రెండు. మూడు. రెండు.

"మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు వాడు గుసగుసగా. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ అయితే ఇంట్లో కూడా కాదు, డాంగిల్ పక్కగడిలోనే ఉన్నాడు. నీలం పోర్టు అంటే యూఎస్‌బీ 3.0, సెకనుకు అయిదు వందల కోట్ల బిట్ల దౌడు. అంత వేగాన సమాచారం పరిగెడితే తీగలోంచి, కనెక్టర్‌లోంచి, డబ్బాలోంచి రేడియో రొద బయటికి చిమ్ముతుంది. అది సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని కమ్మేస్తుంది. ఇంటెల్ కంపెనీ 2012లోనే ఈ సంగతిని కొలతలతో సహా ఒక పత్రంలో రాసిపెట్టింది, వైర్‌లెస్ మౌస్ తడబాటుతో సహా. మౌస్ రిసీవర్ కూడా ఆ వీపునే ఉంది మరి. ఫోన్లు అదే వెనకగదిలో కూడా ఎందుకు బాగున్నాయంటే, అవి 5 గిగాహెర్ట్జ్ భాష నేర్చినవి. పైగా డబ్బాకు దూరంగా ఉంటాయి. మన డాంగిల్‌కు 2.4 ఒక్కటే వచ్చు. మామగారు తీగలన్నీ పీకి దులిపినప్పుడు నెట్ గంటసేపు నిలబడటానికి కారణమూ తేలింది: ఆ గంటా ఆయన హార్డ్‌డిస్క్‌ను తిరిగి పెట్టడం మరిచారు.

ఎంత రొద అని అడుగుతారేమో. మనిషి చెవికి సున్నా. కానీ మూడు ప్రాకారాలు దాటి, బీరువాను చుట్టి, డాంగిల్‌ను చేరే సిగ్నల్ బలం మైనస్ 65 డీబీఎం దరిదాపుల్లో ఉంది. అంటే ఒక వాట్‌ను మూడు వందల కోట్ల ముక్కలు చేసి అందులో ఒక్క ముక్క ఇచ్చినట్టు. ఆ పిపీలిక స్వరాన్ని పట్టుకుని దాంట్లోంచి పద్దులు, సినిమాలు, డల్లాస్‌లోని మేనత్త ముఖం వెలికితీస్తోంది ఈ గోరంత ప్రాణి. దాని చెవి పక్కనే అంగుళం దూరంలో డప్పు వాయిస్తే ఏం వింటుంది? ఇంత జరిగినా తెర మూలన వైఫై గీతలు మాత్రం నిండుగానే కనపడేవి. ఆ గీతలు గొంతు ఎంత గట్టిగా ఉందో చెబుతాయి, పక్కన గోల ఎంతుందో చెప్పవు. కొలువులో వందిమాగధులూ ఈ పనే చేస్తారు.

మందు ఖరీదు ఒక కాఫీ టిఫిన్ పాటి. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ కొని, దాన్ని ముందువైపు నల్ల పోర్టుకు తగిలించి, చివరన డాంగిల్‌ను గుచ్చి, బీరువా నీడ దాటించి గోడమీది వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ మేకుకు వేలాడదీశారు. హార్డ్‌డిస్క్ వెనకే ఉండిపోయింది, ఎంత కావాలంటే అంత అరుచుకోమని. మౌస్ రిసీవర్‌నూ ముందుకు మార్చారు. పింగ్ మొదలుపెట్టి, ఫొటోలు కాపీ అవుతుండగానే బావగారు 3బీ తెరిచారు. ఓటీపీ వచ్చింది, కొట్టారు, దాఖలైంది. ఆలస్య రుసుము కట్టారనుకోండి, దానికి మేకు లేదు.

విజయం సిద్ధించాక విజేతలు వరస కట్టారు. క్యాలెండర్ మేకు ఈశాన్యం మూలన ఉందని అత్తగారు అందరినీ పిలిచి చూపించారు. పాస్‌వర్డ్ మార్చాకే కదా దారికొచ్చిందని మామగారు. కొత్త కంప్యూటర్‌లో డాంగిలే అక్కర్లేదు, లోపలే ఉంటుందని మేనల్లుడు. ఇది మాత్రం నిజం గనుక ఎవరూ పట్టించుకోలేదు. అక్క అప్పటికి తొంభైల నాటి పెళ్ళి క్యాసెట్ల దగ్గరకు వచ్చింది, తలెత్తలేదు.

సరిగ్గా అప్పుడే కంపెనీవారి నుంచి ఫోన్. అదే కిన్నెరకంఠం: మీ ఫిర్యాదును మా బృందం విజయవంతంగా పరిష్కరించింది, మా సేవకు ఒకటి నుంచి అయిదు వరకు ఎంత ఇస్తారు? బావగారు పళ్ళు కొరుక్కుంటూ ఒకటి వెతుకుతుండగా మామగారు ఫోన్ అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, అయిదు నొక్కారు.

"మజ్జిగ తాగి వెళ్ళాడు పాపం, కుర్రాడి ఉద్యోగం" అన్నారు.